తంజావూరులో మా ఇంటి బడి

తంజావూరు వెళ్ళే వారిలో చాలామంది పెద్ద గుడి చూచి, తల ఊపే బొమ్మ ఒకటి కొని, సాయంకాలం రైలెక్కి వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు. వెయ్యేళ్ళు దాటిన ఆ విమానాన్ని చూడడానికే ఒక దినం చాలదు. కాని మన వంటి కుటుంబాలకు, అంటే ఏనాడో తెలుగు దేశం విడిచి వచ్చి, ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడుకొంటూ తరాలు గడుపుతున్న వారికి, అక్కడ చూడవలసినవి మరికొన్ని వున్నవి. వాటి కోసం మేము ఈ వైశాఖంలో ఇంటిల్లిపాదీ బయలుదేరి అయిదు దినాలు వుండి వచ్చాము.

ఈ వ్యాసం మేమిద్దరం కలిసి వ్రాస్తున్నాము గనుక ఇందులో ‘నేను’ అనే మాట వుండదు. మాలో ఒకరి సంగతి చెప్పవలసి వస్తే ఇంటాయన అనీ, ఇల్లాలు అనీ వ్రాస్తాము. పాఠకులు సర్దుకోవాలి. మాది కోయంబత్తూరు. ఇంట ఆరుగురం: ఎనభై రెండేళ్ళ అవ్వ, మేమిద్దరం, పదిహేడేళ్ళ అమ్మాయి, పద్నాలుగేళ్ళ పెద్దవాడు, తొమ్మిదేళ్ళ చిన్నవాడు.

ప్రయాణానికి కారణం అవ్వ పెట్టెలోని ఒక నోటు పుస్తకం. అది ఆమె తల్లిది. పాటలు, ఇంటి ఖర్చులు, పసిబిడ్డల మందులు, ఎవరి పెండ్లికి ఎవరేమి పెట్టినారో ఆ లెక్కలు, అన్నీ పెన్సిలుతో తెలుగు అక్షరాలలో వ్రాసి వున్నవి. అవ్వకు పాటలు నోటికి వచ్చు గాని చదవడం రాదు. ఇంటాయన చదివింది తమిళం, ఇంగ్లీషు. ఇల్లాలు హోసూరు పక్క పుట్టినది గనుక అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది; ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు ఆ అక్షరాలతో పని పడలేదు. పిల్లల బడిలో తెలుగు లేనే లేదు. పుస్తకం అంచులు పొడిపొడిగా రాలుతున్నవి. ఫోటోలు తీసి పెట్టాము. కాని అసలు తొందర కాగితం గురించి కాదు. అందులోని మాటలలో చాలావాటికి అర్థం తెలిసిన మనిషి మా ఇంట అవ్వ ఒక్కతే.

పిల్లలకు తెలుగు నేర్పిస్తే సరిపోతుందని మొదట అనుకొన్నాము. పెద్దవాడు ఒక్క మాట అన్నాడు: “నాయనా, మీకూ రాదు గదా. మేమే ఎందుకు నేర్చుకోవాలి?” కోపం వచ్చింది గాని జవాబు దొరకలేదు. ఉగాది నాడు పచ్చడి తిన్న తరువాత ఇంట ఒక నియమం ఏర్పడింది. నేర్చుకొంటే అందరం నేర్చుకోవాలి, లేకుంటే ఎవరినీ అడగకూడదు. రాత్రి భోజనాలయ్యాక అరగంట. చాప, పెద్దబాలశిక్ష, పలక ఒకటి. పలక మీద అందరి చేతులూ పడవలసిందే.

తమిళ బడిలో చదివిన వారికి తెలుగు అక్షరాలలో కష్టం ఎక్కడో, చదివిన వారికే తెలుసు. తమిళంలో ‘క’ ఒక్కటే. దానినే చోటును బట్టి ఒకలా, మరొకలా పలుకుతారు. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు. ఒక్క తలుపున్న ఇంటి వాళ్ళను తెచ్చి నాలుగు తలుపుల ముందు నిలబెట్టినట్టయింది. వ, మ, ప, ష అనేవి నలుగురు అక్కచెల్లెళ్ళు. దీపం వెలుతురులో ఎవరెవరో తెలియదు. చిన్నవాడికి పది దినాలలో అన్నీ పట్టుబడినవి. వాడే ఇంటికి పంతులైనాడు. “నాయనా, అది ‘ఘ’ కాదు, ‘ఝ’. మళ్ళీ వ్రాయండి” అని వాడంటే, పంపుల కార్ఖానాలో ఇరవై మంది చేత లెక్కలు దిద్దించే ఇంటాయన రెండు రాత్రులు చాప మీదికి రాలేదు. మూడో రాత్రి తానే వచ్చి పలక అందుకొన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

అవ్వ మాత్రం, “నాకు అక్షరాలు వద్దు. మీరు చదవండి, తప్పు నేను చెప్తాను” అన్నది. చెప్పింది కూడా. ఇంట్లో ఒక్క అక్షరమూ రాని మనిషే అందరి ఉచ్చారణా దిద్దింది. ‘ఱ’ పలకడంలో ఆమెకు సాటి వచ్చేవారు మా వీధిలో లేరు.

వేసవి సెలవులలో ఎక్కడికి వెళ్దామనే ప్రశ్న వచ్చినప్పుడు పెద్దవాడు ఊటీ అన్నాడు. మే నెలలో తంజావూరు ఎండకు వెళ్దామనే వారికి న్యాయంగా చెప్పుకోదగిన కారణం తక్కువే. అయితే మెలట్టూరు భాగవతమేళం నరసింహ జయంతికే జరుగుతుంది, ఆ తిథిని మార్చడం మన చేతిలో లేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఒక్కొక్కరు ఒక్కొక్క చోటు గురించి ముందే చదువుకొని రావాలి. అక్కడ వారు చెప్పిందే మిగతా వారు వినాలి, ఆ దినానికి ఇంటికి పెద్ద వారే. టిఫిను ఎక్కడ తినాలో కూడా వారే చెప్తారు. ఈ చివరి షరతుకు పెద్దవాడు ఒప్పుకొన్నాడు.

పెద్ద గుడి చిన్నవాడి వంతు. రాజరాజచోళుడు దీనిని 1010లో పూర్తి చేసినాడని అందరికీ తెలిసిందే వాడూ చెప్పినాడు. తరువాత చెప్పింది మాలో ఎవరికీ తెలియదు. ఆ రాజరాజు కూతురు కుందవ్వను వేంగి చాళుక్య రాజు విమలాదిత్యునికి ఇచ్చినారు. వారి కొడుకు రాజరాజనరేంద్రుడు. రాజమహేంద్రవరంలో ఆయన కొలువులోనే నన్నయ తెలుగు భారతం మొదలుపెట్టినాడు. అంటే ఈ గుడి కట్టించిన తాతగారి పేరు పెట్టుకొన్న మనుమడే మన భారతం వ్రాయించినాడు. అవ్వ కాసేపు ఆలోచించి, “అయితే ఇది మన భారతానికి అవ్వగారి ఊరు” అన్నది. నంది నీడలో కూర్చొని ఆ మాట విన్నాక, ఆ రాళ్ళు కొంచెం దగ్గర చుట్టాలుగా కనబడినవి.

ప్రాకారం గోడ మీద మరాఠీలో పొడవైన శాసనం ఒకటి వున్నది. భోంసలే వంశ చరిత్రను శరభోజి మహారాజు 1803లో చెక్కించినాడు. మహారాష్ట్రలో వుండే మన పాఠకులు వెళ్ళినప్పుడు దానిని తప్పక చూడాలి. తమిళ దేశం నడుమ, చోళుల గోడ మీద, మరాఠీ అక్షరాలు! ఇంటి భాష వేరు, ఊరి భాష వేరు అనేది మనకు మాత్రమే వచ్చిన సంగతి కాదు.

మరునాడు రాజుల కోట, సరస్వతీ మహలు. ఇవి పెద్దవాడి వంతు. కోటలో దర్బారు చావడి, శరభోజి చలువరాతి బొమ్మ త్వరగా చూపించి, వాడు మమ్మల్ని పుస్తకాల వైపు నడిపించినాడు. ఊటీ మరిచిపోయినట్టే వున్నాడు. నాయకరాజులు తంజావూరును ఏలింది 1532 మొదలు 1673 దాకా. వారిలో రఘునాథ నాయకుడు (ఏలుబడి 1600 నుంచి 1634) స్వయంగా తెలుగులో ‘వాల్మీకి చరిత్రము’ వ్రాసినాడు. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’ ఆయన కొలువులో పుట్టినదే. ఆయన కొడుకు విజయరాఘవుడు తండ్రి కథనే ‘రఘునాథ నాయకాభ్యుదయము’ అని వ్రాసినాడు. విజయరాఘవుని కొడుకు మన్నారుదేవుడు యక్షగానం వ్రాసినాడు. తాత, తండ్రి, మనుమడు, ముగ్గురూ గంటం పట్టిన వారే. ఆ కొలువులో రంగాజమ్మ వంటి విదుషీమణులు వుండేవారు. 1673లో మధుర నాయకుల సేన వచ్చినప్పుడు విజయరాఘవుడు యుద్ధంలో మరణించినాడు. వంశం ఏలుబడి ముగిసింది.

“తరువాత వచ్చినవారు మరాఠీవాళ్ళు. వాళ్ళు తెలుగును పారవేయలేదు” అన్నాడు పెద్దవాడు. నిజమే. మరాఠీ రాజులలో శహాజీ (1684 నుంచి 1712) తెలుగులో యక్షగానాలు వ్రాసినాడు. ‘పల్లకి సేవా ప్రబంధము’ ఆయనదే. శరభోజి (1798 నుంచి 1832) ఎక్కడెక్కడి గ్రంథాలో తెప్పించి ఈ భండారాన్ని పెంచినాడు. 1918లో ఇది ప్రజలందరికీ తెరువబడింది. సంస్కృతం పుస్తకాలే ఎక్కువ. తెలుగు వ్రాతప్రతులు సుమారు ఎనిమిది వందలు వున్నవి. మన దక్షిణదేశపు తెలుగు సాహిత్యమంటూ పండితులు వ్రాసిన పుస్తకాలలో చాలా భాగం ఈ గది నుంచి వచ్చినదే.

అద్దం కింద తాటాకులు పెట్టి వున్నవి. గంటంతో గీసి మసి రుద్దిన అక్షరాలు, మాటకూ మాటకూ మధ్య చోటు వుండదు. మా పెద్దవాడు అద్దం మీదికి వంగి ఒక్కొక్క అక్షరమే వేలితో గాలిలో వ్రాసుకొంటూ చదవడం మొదలుపెట్టినాడు. ఒక వరుసలో ఏడో ఎనిమిదో అక్షరాలు తెలిసినవి. మాట కట్టలేదు. ఉక్కగా వున్నది, అమ్మాయికి దాహం, అవ్వకు కాళ్ళ నొప్పి. అయినా ఎవరూ పోదామని అనలేదు. వాడు తల ఎత్తి, “వీళ్ళ ఇంట్లో మరాఠీ గదా. వీళ్ళను ఎవరు చదవమన్నారు?” అని అడిగినాడు. ఉగాది ముందు మమ్మల్ని అడిగిన ప్రశ్నకు ఇది తమ్ముడు. ఈసారి కూడా మేము జవాబు చెప్పలేదు. వాడూ మా వైపు చూచి అడగలేదు.

తిరువయ్యారు తంజావూరికి పది, పన్నెండు కిలోమీటర్లు. అయిదు నదుల ఊరని పేరు. మేము వెళ్ళేసరికి కావేరి అంతా ఇసుక. మేట్టూరు ఆనకట్ట తలుపులు జూన్ 12న తెరవడం వాడుక, అంతదాకా ఇంతే. పుష్య బహుళ పంచమి ఆరాధనకు వెళ్ళేవారు నీళ్ళున్న ఏరును, జనమున్న ఒడ్డును చూస్తారు. మేము చూచింది ఖాళీగా వున్న త్యాగరాజస్వామి సమాధి మందిరం. మాకు అదే నచ్చింది. అమ్మాయి అక్కడ మెల్లగా పాడుకోగలిగింది.

ఆ దినానికి పెద్ద అమ్మాయే. స్వామి (1767 నుంచి 1847) పూర్వీకులు కాకర్ల నుంచి వచ్చిన తెలుగువారు. ఆయన పంచరత్న కీర్తనలలో మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. ఈ మందిరం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మగారు, తన సంపాదన వెచ్చించి. ఆమె కట్టించిన మందిరం ముందే ఆడవాళ్ళు ఆరాధనలో పాడకూడదన్న రోజులు వుండేవి. ఆమె పోరాడి, ఆడవారి గోష్ఠి వేరుగా నడిపి, 1940ల తొలినాళ్ళకు అందరూ కలిసి పాడేటట్టు చేసింది. 1952లో పోయింది. ఆమె సమాధి అక్కడే, స్వామికి ఎదురుగా వున్నది. కర్ణాటకలోని మన సోదరీమణులు అక్కడ ఒక పువ్వు పెట్టి రావాలని మా కోరిక.

అమ్మాయి ఏడేళ్ళుగా సంగీతం నేర్చుకొంటున్నది. పాట పుస్తకం తమిళ అక్షరాలలో వున్నది. తెలుగు ఇంటి పిల్ల తెలుగు కీర్తనను తమిళ అక్షరాలలో చూచి పాడుతుందన్న మాట. ఆ దినం ఆమె ఒక మాట దగ్గర ఆగి, “అవ్వా, నెనరు అంటే ఏమి?” అన్నది. స్వామి కీర్తనల్లో వచ్చే మాట అది. అవ్వ వెంటనే చెప్పలేదు. చీర కొంగుతో ముఖం తుడుచుకొని, “ప్రేమ అంటే నా బిడ్డ మీద వుండేది. మా ఊళ్ళో పక్కింటి ముసలాయన, నాకు ఏమీ కాడు, వానలో తడుస్తూ నన్ను బడి గడప దాకా ఎత్తుకొనిపోయినాడు. ఆయనది నెనరు” అన్నది. అవ్వ బడి గడప దాకా పోయిందని మాకు అంతవరకు తెలియదు. లోపలికి ఎందుకు పోలేదని చిన్నవాడు అడిగినాడు. “తమ్ముడు పుట్టినాడు, ఎత్తుకొనేదానికి ఎవరు వున్నారు?” అన్నది. అంతే, తరువాత ఆ మాట ఎత్తలేదు.

స్వామి శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతరు, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతరు ముఖ్యులు. సౌరాష్ట్ర కుటుంబం వారు. తండ్రీ కొడుకూ ఇద్దరూ స్వామి దగ్గర నేర్చుకొని కీర్తనలు వ్రాసి పెట్టినారు గనుకనే మనకు ఇన్ని దక్కినవి. ఆ ప్రతులు మధుర సౌరాష్ట్ర సభలో వున్నవి. ఈ సంగతి చెప్పిన తరువాత అమ్మాయి, పెద్దరికం కొద్దీ, అందరికీ అశోకా హల్వా ఇప్పించింది. పెసరపప్పుతో చేసేది, తిరువయ్యారు పేరు చెప్తే ముందు జ్ఞాపకం వచ్చేది కొందరికి ఇదే.

ఆ రాత్రి బసలో నోటు పుస్తకం తెరిచాము. ప్రతి రాత్రీ ఒక పుట అని నియమం. ఆ పుట దంపుళ్ళ పాట. చిన్నవాడు చదువుతుంటే అవ్వ ముందే అందుకొని పాడేస్తున్నది. మూడు చరణాలు అట్లాగే సాగినవి. నాలుగో చరణం దగ్గర అవ్వ పాట ఆపింది. ఆమెకు మూడే వచ్చు. చిన్నవాడు చదువుతూనే వున్నాడు, కూడబలుక్కొంటూ, తప్పు చదివి దిద్దుకొంటూ. వాడు ముగించిన తరువాత అవ్వ చాలాసేపు గోడ వైపు చూచింది. “మా అమ్మ ఇది పాడేది. నేను మరిచినాను” అన్నది. మళ్ళీ చదవమన్నది. వాడు నాలుగు సార్లు చదివినాడు. అయిదోసారి అవ్వ వాడితో కలిసి పాడింది.

ఇక మెలట్టూరు. తంజావూరికి దాదాపు ఇరవై కిలోమీటర్లు. అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబాలకు ఇల్లూ, బావీ, భూమీ ఇచ్చి ఇక్కడ నిలిపినాడని చెప్పుకొంటారు. త్యాగరాజస్వామి కాలంవాడైన మెలట్టూరు వేంకటరామశాస్త్రి వ్రాసిన తెలుగు నాటకాలను వరదరాజస్వామి గుడి ముందు వీధిలోనే ఆడతారు. ఆడవేషాలు కూడా మగవారే వేస్తారు. నరసింహ జయంతి రాత్రి ‘ప్రహ్లాద చరిత్రము’. మొదట కోణంగి వచ్చి గంతులు వేస్తాడు. తరువాత భాగవతుల తోడయమంగళం. తరువాత ఒక చిన్న పిల్లవాడు వినాయకుని ముఖం పెట్టుకొని వస్తాడు. ఆ పిల్లవాడిని చూచి మా చిన్నవాడు చాప మీద నిలబడినాడు, మళ్ళీ కూర్చోలేదు.

ఈ నాటకం ఆడే కుటుంబాలు ఇంట్లో మాట్లాడేది తమిళం. తండ్రి వేసిన వేషం కొడుకు వేస్తాడు, ఉద్యోగాలకు వేరే ఊళ్ళు వెళ్ళినవారు కూడా ఈ రాత్రికి తిరిగి వస్తారు. తెల్లవారుజామున స్తంభం నుంచి నరసింహస్వామి వెడలుతాడు. ఆ ముఖం గుడిలో పూజలందుకొనే ముఖం. వేషం వేసేవారు ఉపవాసం వుంటారు. ఆయన ఆవేశాన్ని పట్టి ఆపడానికి చుట్టూ మనుషులు వుండవలసి వచ్చింది. హిరణ్యకశిపుని దగ్గరికి ఆయన దూకినప్పుడు అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

వేషం కడిగి కూర్చొన్న ఒక యువకునితో పెద్దవాడు తమిళంలో మాటలు కలిపినాడు. మద్రాసులో కంప్యూటరు ఉద్యోగమట, ఏటా సెలవు పెట్టి వస్తాడట. పాత్ర మాటలన్నీ తండ్రి దగ్గర కూర్చొని తమిళ అక్షరాలలో వ్రాసుకొని నేర్చుకొన్నాడట. “మీకు తెలుగు వచ్చా?” అంటే నవ్వి, “ఈ నాటకంలో వున్నంత వచ్చు” అన్నాడు. తరువాత అవ్వ దగ్గరికి వచ్చి తన పాత్రలోని రెండు మాటలకు అర్థం అడిగినాడు. తండ్రి చెప్పిన అర్థం సరియో కాదో చూచుకోవాలని. ఒకటి సరి అన్నది అవ్వ. రెండోదానికి ఆమె చెప్పిన అర్థం వేరు. అతడు లేచిపోయి తండ్రిని పిలుచుకొని వచ్చినాడు. సూర్యుడు పైకి వచ్చేదాకా ఆ తండ్రీ, మా అవ్వా గుడి అరుగు మీద కూర్చొని ఆ ఒక్క మాట గురించి తమిళంలో వాదించుకొన్నారు. పిల్లలు ముగ్గురూ అక్కడి నుంచి కదలలేదు. మేము కాఫీకి పిలిచినా రాలేదు.

ఇంటికి వచ్చిన తరువాత పుస్తకంలో నలభై ఒకటో పుట దాకా వచ్చాము. ఇంకా యాభైకి పైగా వున్నవి. లెక్కల పుటలలో అంకెలు కూడా తెలుగువే. ౩, ౬ అంటూ చిన్నవాడు మళ్ళీ పలక తీసినాడు. దంపుళ్ళ పాట నాలుగో చరణంలో కొలతల పేర్లు వరుసగా వస్తవి: గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. కోయంబత్తూరు పక్క మాకు తెలిసినది వల్లం ఒక్కటే. రెండు మానికలు ఒక అడ్డ అని నిఘంటువు చెప్తున్నది. అవ్వకు అది చాలలేదు. కంటితో చూడాలంటున్నది. బరంపురం, పర్లాకిమిడి పక్కన గాని, యానాంలో గాని వుండే పాఠకులలో ఎవరి ఇంటనైనా పాత అడ్డ పాత్ర వుంటే, దానిలో ఎన్ని గ్లాసుల బియ్యం పడతవో కొలిచి ఈ పత్రికకు ఒక కార్డు వ్రాయవలసిందిగా కోరుతున్నాము. తెలుగులో వ్రాసినా చాలు. ఇప్పుడు మా ఇంట చదువుకోగలము.